కారు ఏసీలో వేడి గాలి వస్తుంటే: గ్యాస్ కొట్టించే ముందు చూడవలసినవి

ఎండాకాలంలో కారు ఏసీ చల్లబడటం లేదని ఏ షాపుకు వెళ్లినా బానెట్ ఎత్తకముందే వినిపించే మాట ఒకటుంది: "గ్యాస్ అయిపోయింది సార్, కొట్టిస్తే సరిపోతది." గ్యాస్ తగ్గిన మాట చాలాసార్లు వాస్తవమే కావచ్చు. అయితే ఏసీ గ్యాస్ పెట్రోలులా కాలిపోయేది కాదు, ఇంజిన్ ఆయిల్‌లా ఇన్ని కిలోమీటర్లకొకసారి మార్చవలసినదీ కాదు. మూసి ఉన్న గొట్టాలలో ఒకచోట ద్రవంగా, మరొకచోట ఆవిరిగా మారుతూ అదే గ్యాస్ ఏళ్ల తరబడి తిరుగుతూ ఉంటుంది. రబ్బరు గొట్టాల గుండా ఏడాదికి కొద్ది గ్రాములు ఇగిరిపోవడం సహజమే గనుక ఆరేడేళ్ల కారులో కొంత తగ్గి ఉంటే ఆశ్చర్యపోనక్కర లేదు. ఒక్క వేసవిలోనే తగ్గిందంటే మాత్రం ఎక్కడో కారుతున్నట్లే, ఆ చోటు పట్టుకోకుండా గ్యాస్ నింపడం ఓటికుండలో నీళ్లు పోయడమే అవుతుంది.

ఈ సంగతి నేను డబ్బు పోగొట్టుకుని నేర్చుకున్నాను. ఒకే వేసవిలో రెండుసార్లు గ్యాస్ కొట్టించాను. రెండవసారి నింపినది పదహారు రోజులు కూడా నిలవక, రోహిణి కార్తెలో మంథని వెళ్తూ భూపాలపల్లి దాటేసరికి కిటికీ అద్దాలు దించుకోవలసి వచ్చింది. మూడవసారి వేరే చోట చూపిస్తే అక్కడి కుర్రవాడు గ్యాస్ పీడనం చూపే గేజీ జోలికి పోకుండా బంపరు కిందికి టార్చి వేసి, గ్యాస్ వేడిని బయటికి వదిలే జాలీ అయిన కండెన్సరుకు గొట్టం చేరే చోట అరచేయంత మేర దుమ్ము నల్లగా, జిడ్డుగా అంటుకుని ఉండటం చూపించాడు. వేలితో తుడిస్తే నూనె అంటింది. అక్కడ మార్చిన ఓ-రింగ్ అనే రబ్బరు ఉంగరం ఖరీదు మేమిద్దరం తాగిన చాయ్‌ల కంటే ఎక్కువ కాదు. కింద చెప్పబోయే క్రమం అప్పటి నుంచి నేను పాటిస్తున్నదే: ఖర్చు లేని పరీక్షలు ముందు, గ్యాస్ ముట్టుకునే పని చివర.

లక్షణాన్ని ముందు గుర్తుపట్టండి

షాపుకు వెళ్లే ముందు రెండు రోజులు ఏసీ ఎప్పుడు చల్లబడుతోందో, ఎప్పుడు వేడెక్కుతోందో గమనించండి, ఎందుకంటే సగం జవాబు అక్కడే దొరుకుతుంది. హైదరాబాదు హైవే మీద చల్లగా ఉండి హన్మకొండ చౌరస్తాలో ఆగగానే గాలి వెచ్చబడుతుంటే, అనుమానించవలసింది గ్యాస్ కంటే ముందు కండెన్సరు ఫ్యాన్‌ను. బండి నడుస్తున్నప్పుడు ఎదురుగాలి చేసే పనిని, ఆగినప్పుడు ఆ ఫ్యానే చేయాలి. అరగంట చక్కగా చల్లబడి, ఆ తర్వాత గాలి జోరు తగ్గి, పది నిమిషాలు ఏసీ ఆపి వేస్తే మళ్లీ బాగుంటే, డ్యాష్‌బోర్డు లోపలి కూలింగ్ కాయిల్ మీద మంచు గడ్డకడుతున్నట్లు అర్థం. ఎత్తు ఎక్కేటప్పుడు, ట్రాఫిక్‌లో ఇంజిన్ వేడి ముల్లు పైకి పోయినప్పుడు మాత్రమే ఏసీ ఆగిపోతుంటే జబ్బు ఏసీది కాకపోవచ్చు. ఇంజిన్ మరీ వేడెక్కితే దాన్ని కాపాడటానికి కారులోని కంప్యూటరే, గ్యాస్‌ను ఒత్తి తిప్పే కంప్రెసరును ఆపివేస్తుంది, అప్పుడు చూడవలసింది రేడియేటరును, కూలెంటును. మొదటి నుంచి చివరి దాకా ఒకే తీరున వేడి గాలి వస్తుంటే గ్యాస్ పూర్తిగా పోవడమో, కంప్రెసరు తిరగకపోవడమో అయి ఉంటుంది.

అలాగే చాలా మంది పట్టించుకోని చిన్న విషయం: బయటి గాలిని లోపలికి తీసుకునే మీట తెరిచి ఉంటే, 44 డిగ్రీల గాలిని చల్లబరచడం ఏ ఏసీకైనా కష్టమే. ఎండలో నిలిపిన కారు ఎక్కగానే రెండు నిమిషాలు అద్దాలు దించి లోపలి వేడిని పోనిచ్చి, తర్వాత అద్దాలు ఎత్తి, లోపలి గాలినే తిప్పే బొత్తాం నొక్కి చూడండి. వంటింట్లో వాడే చిన్న డిజిటల్ థర్మామీటరు పుల్లను గాలి వచ్చే మధ్య వెంటులో పెట్టి, పది నిమిషాల తర్వాత అంకె రాసుకోండి. 12 డిగ్రీల లోపు వస్తే ఏసీ ఆరోగ్యంగా ఉన్నట్లే. మే నెల మధ్యాహ్నం రెండు మూడు డిగ్రీలు ఎక్కువ చూపినా కంగారుపడనక్కర లేదు. 20కి దగ్గరగా ఉంటే ముందుకు సాగండి.

క్యాబిన్ ఫిల్టరు

గాలి చల్లగానే ఉండి జోరు లేకపోతే ఫిల్టరును చూడాలి. చాలా కార్లలో అది ఎడమ చేతి వైపు గ్లవ్ బాక్సు వెనుక ఉంటుంది. బాక్సు రెండు చెవులను లోపలికి నొక్కి దించితే ఒక సన్నటి మూత కనిపిస్తుంది, దాన్ని తీస్తే ఫిల్టరు జారి చేతికి వస్తుంది. వరంగల్ ఎనుమాముల మార్కెట్ వైపు రోజూ తిరిగే కార్లలో ఆ ఫిల్టరు మడతల నిండా పత్తి నూగు, మిర్చి ఘాటు, గోదావరిఖని వైపు కార్లలో బొగ్గు పొడి ఉండటం నేను చూశాను. కంపెనీ చెప్పిన కిలోమీటర్లలో సగానికే మార్చుకోవడం మన ప్రాంతానికి తగిన పద్ధతి. కొన్ని తక్కువ రకం మోడళ్లలో ఫిల్టరు పెట్టే గది మాత్రమే ఉండి, లోపల ఫిల్టరు ఉండదు. అటువంటి కారు మీదైతే దుమ్మంతా నేరుగా కూలింగ్ కాయిల్ మీదే పేరుకుని ఉంటుంది గనుక కొత్త ఫిల్టరు పెట్టడంతో సరిపోదు, కాయిల్‌ను కూడా శుభ్రం చేయించాలి. పాత ఫిల్టరు తీసి, కాసేపు అది లేకుండా ఏసీ వేసి, గాలిలో తేడా ఉందో లేదో చూస్తే సందేహం తీరిపోతుంది.

బానెట్ కింద చూడవలసినవి

ఇంజిన్ నడుస్తుండగా బానెట్ ఎత్తే ముందు కండువా, చున్నీ, వదులు చేతుల చొక్కా పక్కన పెట్టండి. ఫ్యాను ఆగి ఉందని వేలు పెట్టకండి. తాళంచెవి తిప్పి ఉంటే అది ఏ క్షణానైనా తిరగవచ్చు. హైబ్రిడ్ లేదా ఎలక్ట్రిక్ కారైతే నారింజ రంగు తీగలు ఉన్న ఏ భాగాన్నీ ముట్టుకోకండి. వాటి కంప్రెసరు నడిచేది ప్రాణం తీయగల వోల్టేజీ మీద, దానిలో వాడే నూనె కూడా వేరు.

లోపల ఒకరిని కూర్చోబెట్టి ఏసీ బొత్తాం వేసి తీసి వేయమనండి. వేసినప్పుడల్లా టక్కుమని శబ్దం వచ్చి కంప్రెసరు పుల్లీ ముందున్న పళ్లెం తిరగడం మొదలైతే, కంప్రెసరును పుల్లీకి కలిపే క్లచ్ పనిచేస్తున్నట్లు. పుల్లీ మాత్రమే తిరుగుతూ పళ్లెం కదలకుండా ఉంటే కంప్రెసరుకు కరెంటు అందటం లేదనో, క్లచ్ పాడైందనో, గ్యాస్ మరీ తక్కువై, పీడనాన్ని కనిపెట్టే ప్రెషర్ స్విచ్ దాన్ని ఆపి ఉంచిందనో అనుకోవాలి. కొన్ని కొత్త కార్ల కంప్రెసర్లలో అసలు క్లచ్ ఉండదు, అవి శబ్దం లేకుండానే పనిచేస్తాయి గనుక ఈ పరీక్ష వాటికి వర్తించదు.

కరెంటు సంగతి మీరే చూసుకోవచ్చు. ఫ్యూజు డబ్బా మూత లోపలి వైపు ఏసీ ఫ్యూజు, రిలే ఏ గదిలో ఉన్నాయో బొమ్మ వేసి ఉంటుంది. ఫ్యూజు కాలితే అదే ఆంపియర్లది మాత్రమే వేయండి; మళ్లీ కాలితే ఎక్కడో తీగ రాచుకుంటున్నట్లు, అక్కడితో ఆపి ఎలక్ట్రీషియన్‌కు చూపించండి. రిలే అనుమానం ఉంటే, దాని మీద ఉన్న నంబరు హారన్ రిలే మీది నంబరుతో కలిస్తే రెండింటినీ తారుమారు చేసి చూడండి: ఏసీ పనిచేసి హారన్ మోగకపోతే దొంగ దొరికినట్లే. వానలు మొదలయ్యాక ఎలుకలు బానెట్‌లో చేరి కంప్రెసరు తీగను, ప్రెషర్ స్విచ్ తీగను కొరకడం మన దగ్గర మామూలు కాబట్టి ఆ రెండు తీగలను వేలితో తడుముతూ చివరి దాకా చూడండి.

ఏసీ వేయగానే, లేదా వేసిన ఒకటి రెండు నిమిషాలకు, రేడియేటరు వద్ద ఫ్యాను తిరగాలి. తిరగకపోతే సిగ్నల్ దగ్గర వేడి గాలికి కారణం అక్కడే ఉంది.

ఆ తర్వాత కండెన్సరు. అది రేడియేటరు ముందు, గ్రిల్ వెనుక ఉండే సన్నని జాలీ. కంప్రెసరు నుంచి వచ్చిన వేడి గ్యాస్ అక్కడ తన వేడిని గాలికి ఇచ్చి ద్రవంగా మారుతుంది. ఆ జాలీ మూసుకుపోతే గ్యాస్ నిండుగా ఉన్నా చల్లదనం రాదు. కార్తీకం నుంచి సంక్రాంతి దాకా పత్తి ట్రాక్టర్ల వెనుక, జిన్నింగ్ మిల్లుల పక్కన తిరిగిన కారు కండెన్సరు మీద నూగు తెల్లటి దుప్పటిలా పరుచుకుంటుంది. దాని మీద చలికాలపు పురుగులు, ఎండాకాలపు మట్టి పడి గట్టిపడతాయి. గ్రిల్ సందులో నుంచి టార్చి వేసి చూస్తే జాలీ వెనుక ఉన్న రేడియేటరు వరకు వెలుతురు పోకపోవడమే దానికి గుర్తు. ఇంజిన్ పూర్తిగా చల్లారాక, మొక్కలకు పట్టే మామూలు పైపుతో, వీలైతే వెనుక నుంచి ముందుకు, నీటిని నిదానంగా పోయండి. కార్ వాష్ వారి ప్రెషర్ గన్‌ను దగ్గరగా పెడితే పలుచని అల్యూమినియం రేకులు ఒరిగిపోయి, ఉన్న దారి కూడా మూసుకుపోతుంది. ఇలా పాడైన కండెన్సర్లు లెక్కలో దుమ్ముతో పాడైన వాటికి తీసిపోవు. నా కారులో ఒక్క కడుగుడుకే వెంటు దగ్గర నాలుగు డిగ్రీలు తగ్గాయి.

కారుతున్న చోటు వెతకడం

ఏసీ గ్యాస్‌తో పాటు కంప్రెసరు నూనె కూడా గొట్టాలన్నింటా తిరుగుతుంది. అందుచేత గ్యాస్ కారే చోట నూనె బయటికి వస్తుంది, నూనె ఉన్న చోట దుమ్ము అంటుకుంటుంది. మిగతాదంతా పొడి దుమ్ముగా ఉండి ఒక్కచోట మాత్రం జిడ్డు మరక కనిపిస్తే దాన్నే పట్టుకోండి. గొట్టాల కీళ్లు, కంప్రెసరు ముందు భాగంలోని షాఫ్ట్ సీలు, గ్యాస్ నింపే రెండు వాల్వులు, కండెన్సరు ముందు భాగం చూడవలసిన చోట్లు. కరీంనగర్ గ్రానైట్ లారీల వెనుక తరచుగా వెళ్లేవారు కండెన్సరు కింది భాగంలో రాయి తగిలిన చుక్కలను ప్రత్యేకంగా వెతకాలి. సబ్బు నురగను బ్రష్‌తో అద్ది బుడగలు వస్తున్నాయేమో చూడవచ్చు. గ్యాస్ నింపే వాల్వు మూత తీసి ఒక చుక్క నురగ పెట్టి చూడటం అర నిమిషం పని, పైగా కారణం తరచుగా అక్కడే ఉంటుంది. డ్యాష్‌బోర్డు లోపలి కూలింగ్ కాయిల్ కారుతుంటే మాత్రం కంటికి కనిపించదు. దాన్ని పట్టుకోవడానికి గ్యాస్ వాసన పట్టే ఎలక్ట్రానిక్ డిటెక్టరును వెంటు దగ్గర పెట్టి చూడాలి, లేదా గ్యాస్‌లో రంగు కలిపి, ఏసీ నీళ్లు కారు కిందికి పోయే గొట్టం కొనలో నీలి లైటు వేసి చూడాలి. డ్యాష్‌బోర్డు విప్పడం ఒక రోజు పని గనుక, ఈ రుజువు చూపించకుండా విప్పుతానన్న వారికి ఒప్పుకోకండి.

గేజీ అంకెలు ఏం చెబుతాయి

ఇక్కడి నుంచి పని మెకానిక్‌ది, కానీ అంకెలు మీకు తెలిసి ఉండాలి. మన రోడ్ల మీది ఎక్కువ కార్లలో ఆర్-134ఎ అనే గ్యాస్ ఉంటుంది, కొన్ని కొత్త కార్లలో ఆర్-1234వైఎఫ్ ఉంటుంది; ఏది ఎన్ని గ్రాములు పట్టాలో బానెట్ లోపలి స్టిక్కరు మీద రాసి ఉంటుంది. ఒకదానిలో మరొకటి కలపకూడదు. ఆర్-134ఎ సున్నాకు 26 డిగ్రీల కిందనే మరిగిపోతుంది కాబట్టి చర్మం మీద పడితే మంచుకాటు, కంట్లో పడితే చూపు ప్రమాదంలో పడతాయి. కళ్లద్దాలు లేకుండా గొట్టాలు విప్పేవారి పక్కన నిలబడకండి. చవక అని వంట గ్యాస్ నింపే ప్రయోగానికి ఎవరు ఉత్సాహపడినా ఆ షాపు నుంచి కారు బయటికి తీసుకురండి, అది డ్యాష్‌బోర్డు వెనుక కారితే ఒక్క నిప్పురవ్వ చాలు.

ఇంజిన్ ఆపి, చల్లారాక గేజీ పెడితే 35 డిగ్రీల వేడిలో సుమారు 115 పీఎస్ఐ (పీడనం కొలత), 40 డిగ్రీలలో 130 పైన చూపాలి. చాలా తక్కువ చూపితే గ్యాస్ దాదాపు లేనట్లే. ఇక్కడ ఒక మెలిక ఉంది, మెకానిక్‌లు కూడా దీనిలో పొరబడతారు: గొట్టాలలో కొంచెమైనా ద్రవం మిగిలి ఉన్నంత వరకు 150 గ్రాములు ఉన్నా, 450 గ్రాములు ఉన్నా ఆపి ఉన్న కారులో గేజీ ఒకే అంకె చూపిస్తుంది. కనుక ఆపి ఉన్న కారు గేజీ చూసి గ్యాస్ నిండుగా ఉందని తేల్చలేము.

ఏసీ నడుస్తున్నప్పుడు, మన ఎండల్లో, తక్కువ పీడనం వైపు గేజీ 30 నుంచి 50, ఎక్కువ పీడనం వైపు గేజీ 200 నుంచి 300 పీఎస్ఐ మధ్య ఉండటం మామూలు. రెండూ తక్కువగా ఉంటే గ్యాస్ తగ్గింది. రెండూ ఎక్కువగా ఉంటే గ్యాస్ ఎక్కువైందో, కండెన్సరుకు గాలి తగలడం లేదో, గొట్టాలలో గాలి చేరిందో చూడాలి. తక్కువ వైపు ఎక్కువ, ఎక్కువ వైపు తక్కువ చూపి రెండూ దగ్గర పడితే కంప్రెసరు అరిగింది. తక్కువ వైపు సున్నా దగ్గరికో ఇంకా కిందికో పోతే, కూలింగ్ కాయిల్‌లోకి గ్యాస్‌ను సన్నగా వదిలే ఎక్స్‌పాన్షన్ వాల్వు దగ్గర దారి మూసుకుంది.

గేజీ లేకుండానే చేయగల పరీక్ష ఒకటుంది. ఏసీ పది నిమిషాలు నడిచాక ఇంజిన్ ఆపి, కంప్రెసరుకు తిరిగి వచ్చే లావు గొట్టాన్ని తాకి చూడండి. సన్న గొట్టాన్ని తాకకండి, కాలుతుంది. లావు గొట్టం కూజాలా చల్లగా, చెమట పట్టి ఉండి, లోపల వెంట్లలో మాత్రం వేడి గాలి వస్తుంటే గ్యాస్ వైపు అంతా బాగున్నట్లే. అప్పుడు తప్పు డ్యాష్‌బోర్డు లోపల చల్ల గాలిని, హీటరు గాలిని కలిపే రేకు తలుపుది, లేదా దాన్ని కదిపే కేబులుదీ మోటారుదీ. వేడి మీటను ఒక చివరి నుంచి మరో చివరికి తిప్పినా గాలిలో తేడా రాకపోతే ఆ తలుపు ఇరుక్కుందని నిశ్చయించుకోవచ్చు. ఇటువంటి కారుకు కూడా గ్యాస్ కొట్టి పంపిన సందర్భాలు నాకు తెలుసు.

మరమ్మత్తు చేయించేటప్పుడు

కారే భాగాన్ని మార్చాక నేరుగా గ్యాస్ నింపకూడదు. ముందు 150 పీఎస్ఐ వరకు నైట్రోజన్ నింపి, అరగంట గేజీ ముల్లు కదలకుండా ఉందో లేదో చూడమనండి. టైర్లకు పట్టే గాలి పనికిరాదు, దానిలో తేమ ఉంటుంది. ఆక్సిజన్ అసలే వద్దు, నూనెతో కలిస్తే పేలుతుంది. నైట్రోజన్ వదిలేశాక కనీసం అరగంట వ్యాక్యూమ్ పంపు నడవాలి. గాలి తీసేయడం ఆ పంపు పనిలో సగమే. లోపలి పీడనం బాగా తగ్గినప్పుడు గొట్టాలలోని తేమ మామూలు వేడికే ఆవిరై బయటికి పోతుంది. తేమ మిగిలితే అది ఎక్స్‌పాన్షన్ వాల్వు దగ్గర గడ్డకట్టి దారి మూస్తుంది, నూనెలో కలిసి లోహాన్ని తింటుంది. ఐదు నిమిషాలకే పంపు ఆపి "అయిపోయింది సార్" అన్నప్పుడు మొహమాటపడకుండా మళ్లీ వేయించండి. గొట్టాలు చాలాసేపు తెరిచి ఉంటే తేమను పీల్చే డ్రయరును కూడా మార్చాలి.

గ్యాస్‌ను తూకం వేసి నింపించాలి. చిన్న కారుకు పట్టేదే 400 గ్రాముల అటూ ఇటూ అయినప్పుడు, అందాజుగా పోసిన 100 గ్రాముల తేడా నాలుగవ వంతు తేడా అవుతుంది. ఎక్కువైనా తక్కువైనట్లే వేడి గాలి వస్తుంది, కంప్రెసరు మీద బరువు కూడా పడుతుంది. మార్చిన భాగంతో పోయిన నూనెను కొలిచి అదే రకం పోయాలి. పాత గ్యాస్‌ను గాలిలోకి వదిలేసే వారి కంటే మెషీన్‌లోకి లాగి తూచే వారి దగ్గరికి వెళ్లండి. ఆర్-134ఎ భూమిని వేడెక్కించడంలో బరువుకు బరువు కార్బన్ డయాక్సైడ్ కంటే వెయ్యి రెట్లకు పైగా బలమైనది. కారే చోటును దానంతట అదే మూసివేస్తుందని అమ్మే డబ్బా మందులు వేయించకండి, అవి మెషీన్లనూ వాల్వులనూ పూడుస్తాయి.

పని అయ్యాక అదే వెంటులో, అదే థర్మామీటరుతో, మొదట రాసుకున్న అంకెతో పోల్చుకోండి. పదిహేను నిమిషాలు నడిచిన కారు కింద ఎడమ వైపు నీటి చుక్కలు పడుతున్నాయా అని కూడా వంగి చూడండి. వానాకాలంలో ధారగా, మే నెల పొడి గాలిలో చాలా తక్కువగా పడతాయి. నీళ్లు బయట పడకుండా కాళ్ల దగ్గరి మ్యాటు తడిస్తే నీటి గొట్టం పూడినట్లు.

చలికాలంలోనూ వారానికి ఒకసారి పది నిమిషాలు ఏసీ వేయండి, షాఫ్ట్ సీలుకు నూనె అందుతుంది. ఒక కాగితం మీద తేదీ, నింపిన గ్రాములు రాసి బానెట్ లోపల స్టిక్కరు పక్కన అతికించండి. మరో రెండేళ్లకు ఏసీ మళ్లీ మొరాయించి, మెషీన్ లాగిన గ్యాస్ ఆ కాగితం మీది 420 గ్రాములకు 405 తూగితే, గ్యాస్ అయిపోయిందన్న మాటకు మీరు తూకం చూపించి, ఫ్యాను దగ్గర నుంచి వెతకమని చెప్పవచ్చు.